తెలుగు అక్షరాల్లో టాటూ: కాగితం మీద రాయడం నుంచి గాయం మానేదాకా

"అన్నా, అమ్మ పేరు తెలుగులో వేయించుకోవాలి, ఏ ఫాంట్ బాగుంటుంది?" వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. ఫాంట్ పేరు ఒక్కటి చెప్పేస్తే సరిపోదు, ఎందుకంటే తెలుగు టాటూ పాడయ్యేది చాలావరకు సూది దగ్గర కాదు, దానికి ముందు కాగితం దగ్గరే. వత్తు పక్కకి జరిగిపోవడం, ధ కింద గీత పడకపోవడం, నాలుగేళ్ళు తిరిగేసరికి ణ లోపలంతా నల్లగా మూసుకుపోవడం, ఇవన్నీ నేను చేతుల మీద చూసినవే. అందుకే వరసగా మొత్తం రాస్తున్నా. పేరో, రెండు మూడు మాటలో నల్ల ఇంకుతో వేయించుకునేవాళ్ళ కోసం ఇది.

1. ముందు మీకు కుదురుతుందా లేదా చూసుకోండి

18 నిండాకే. మంచి స్టూడియో అయితే ఆధార్ అడుగుతుంది, అడగకపోతే అదే మొదటి అనుమానం.

ఉద్యోగం సంగతి ముందే ఆలోచించండి. కానిస్టేబుల్ జీడీ లాంటి కేంద్ర బలగాల పోస్టులకి ప్రిపేర్ అవుతున్నవాళ్ళు నోటిఫికేషన్‌లో టాటూ పేరా తప్పకుండా చదవాలి. ముంజేయి లోపలి వైపు, అదీ సెల్యూట్ కొట్టని ఎడమ చేయి, లేదంటే అరచేతుల వెనక భాగం, సైజు ఆ భాగంలో పావు వంతు లోపు, ఇదీ అక్కడి రూలు. ఆర్మీకి కూడా ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనక వైపు తప్ప వేరేచోట ఉంటే మెడికల్‌లో ఇబ్బందే. భుజం మీద పెద్దగా వేయించుకుని ఫిజికల్స్‌లో పాసై మెడికల్‌లో ఆగిపోతే ఆ బాధ మాటల్లో చెప్పలేం.

ఇవి ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి:

- షుగర్ కంట్రోల్‌లో లేకపోవడం
- రక్తం పలచబడే మందులు వాడుతుండటం (డాక్టర్‌కి చెప్పకుండా వాటిని మీరే ఆపేయొద్దు)
- చిన్న గాయం కూడా ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ తత్వం, ముఖ్యంగా ఛాతీ, భుజాల మీద
- సోరియాసిస్, ఎగ్జిమా లాంటి చర్మ సమస్యలు
- గర్భం, పాలిచ్చే సమయం

ఇంకోటి, టాటూ అయ్యాక 12 నెలలు రక్తదానం కుదరదు. ఇంట్లో ఎవరికైనా రక్తం అవసరం పడేలా ఉంటే, ఆ గ్రూపు మీదే అయితే, కొన్నాళ్ళు ఆగండి.

2. మాట ఖాయం చేసుకోండి, అక్షరం అక్షరం

ఇంగ్లీష్ కొటేషన్‌ని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ కొట్టి అదే తెచ్చి ఇవ్వకండి. దాంట్లో వచ్చే తెలుగు ఎవరూ మాట్లాడని తెలుగు. మీ నాన్న ఎప్పుడూ అనే మాటో, మీకు తెలిసిన పద్యంలో ముక్కో పెట్టుకోండి.

మాట దొరికాక కాగితం మీద పెన్నుతో రాయండి. ఎక్కువగా దొర్లేవి ఇవీ:

- ధైర్యం (దైర్యం కాదు)
- బంధం (బందం కాదు)
- స్ఫూర్తి (స్పూర్తి కాదు)
- ఓం నమః శివాయ, ఇందులో విసర్గ రెండు సున్నాలు మిస్ అవుతుంటాయి

నా ఎడమ ముంజేతి మీద "స్ఫూర్తి" ఉండాలి. పడింది "స్పూర్తి". స్టెన్సిల్ (సూదికి ముందు చర్మం మీద అంటించే అక్షరాల అచ్చు) అంటించినప్పుడే స కింద వత్తు ఏదో బోసిగా ఉందనిపించింది, కానీ ఆర్టిస్టు అప్పటికే గ్లవ్స్ వేసుకుని మెషిన్ పట్టుకున్నాడు, ఇప్పుడు అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటపడి ఊరుకున్నా. ఆ మొహమాటాన్ని ఆరు వారాలు ఫుల్ హ్యాండ్స్ చొక్కా కింద దాచుకుని తిరిగా. దాన్ని ఎలా సరిచేశారో చివర్లో చెప్తా.

రాసిన కాగితాన్ని కనీసం ఇద్దరికి చూపించండి, అందులో ఒకరు తెలుగు బాగా చదివినవాళ్ళయితే మంచిది. స్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు గానీ, రోజూ పేపర్ చదివే తాతయ్య గానీ ఇట్టే పట్టేస్తారు. "కరెక్టేనా" అని అడగొద్దు, "ఏం రాసుంది, చదవండి" అనండి. కరెక్టేనా అంటే చూసీ చూడకుండా ఊ అనేస్తారు.

3. టైప్ చేసేటప్పుడు, ఫైల్ పంపేటప్పుడు

తెలుగు విరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మీ ఫోన్‌లో చక్కగా కనపడిన "శ్రీ" స్టూడియో కంప్యూటర్‌లో పేస్ట్ చేయగానే శ ఒకచోట, ర వత్తు ఇంకోచోట, గుడి దీర్ఘం గాల్లో వేలాడుతూ ఉంటుంది. పాత ఫోటోషాప్‌లో టైప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ (మన లిపుల్ని సరిగ్గా పేర్చే సెట్టింగ్) ఆన్ చేయకపోతే ఇలాగే వస్తుంది. తెలుగు రాని ఆర్టిస్టుకి అది విరిగిందని తెలియదు, ఉన్నది ఉన్నట్టు వేసేస్తారు. బెంగళూరు, పుణె, గోవాల్లోనో విదేశాల్లోనో వేయించుకునేవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి.

అందుకే టెక్స్ట్ పంపకండి, బొమ్మ పంపండి. మీ దగ్గర సరిగ్గా కనపడిన దాన్నే పెద్ద సైజు పీఎన్‌జీగానో పీడీఎఫ్‌గానో సేవ్ చేసి పంపితే అక్షరాలు కదలవు. ఫ్లెక్సీ షాపులో అను ఫాంట్స్‌లో చేయించినా అంతే, పీడీఎఫ్‌గానే తీసుకోండి, అసలు ఫైల్ ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులొస్తాయి.

పేర్లలో ఇంకో తిరకాసు ఉంది. రాజ్‌కుమార్ అని టైప్ చేస్తే కొన్ని కీబోర్డుల్లో రాజ్కుమార్ అని జ కింద క వత్తు వచ్చి కూర్చుంటుంది. సంతోష్, కిరణ్ లాంటి పొల్లు పేర్ల పక్కన ఇంకో మాట కలిస్తే ఇదే గొడవ. తేలిక దారి ఏంటంటే, రెండు మాటల్నీ వేరువేరు టెక్స్ట్ బాక్సుల్లో టైప్ చేసి పక్కపక్కకి జరపడమే.

ఫాంట్ సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరికేవాటిలో మండలి గీత అంతా ఒకే మందంలో ఉంటుంది, చిన్న పేర్లకి నేను ముందు చూపించేది అదే. చేతిరాత లాగా కావాలంటే లక్కిరెడ్డి. రవిప్రకాష్, రామరాజ లాంటి లావు ఫాంట్లు పోస్టర్ మీద అదిరిపోతాయి కానీ చిన్న సైజులో అక్షరం లోపలి ఖాళీ తక్కువ, టాటూకి నేను వద్దంటాను. వీటన్నిటికంటే మంచిది అమ్మ చేతిరాతే. తెల్లకాగితం మీద నల్ల జెల్ పెన్నుతో కొంచెం పెద్దగా ఆవిడతోనే రాయించి నిలువుగా పైనుంచి ఫోటో తీయండి, ఆ రాత ఇంకెక్కడా దొరకదు.

4. సైజు: ఆవగింజ పరీక్ష

మా అమ్మమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు చుక్కలు వేయించుకున్నప్పుడు విడివిడిగా ఉండేవట. నేను చూసేనాటికి ఒకదాన్నొకటి ఆనుకుని ఆకుపచ్చ మరకలా అయిపోయాయి. ఇప్పటి ఇంకులు, మెషిన్లు ఎంత మారినా ఆ గుణం పోలేదు. సూది ఇంకుని చర్మం లోపల 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతులో, రెండో పొరలో వదులుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ప్రతి గీతా కొద్దికొద్దిగా లావెక్కుతుంది. నిలువు గీతలున్న ఇంగ్లీష్ అక్షరం దాన్ని కొంత తట్టుకుంటుంది, మనవన్నీ గుండ్రాలు, గుండ్రం లోపల చుక్కలు. ఠ లో చుక్క అంటుకుపోతే అది ర లాగానో నల్ల ముద్దలానో అయిపోతుంది.

నేను చేసే పరీక్ష ఇది:

1. డిజైన్‌ని అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయండి.
2. పోపుల డబ్బాలోంచి నాలుగు ఆవగింజలు తెచ్చుకోండి.
3. ప్రతి అక్షరం లోపలి ఖాళీలో ఒక గింజ పెట్టి చూడండి. గీతని తాకకుండా కూర్చోవాలి.
4. కూర్చోకపోతే సైజు పెంచండి, లేదా సన్న గీత ఉన్న ఫాంట్‌కి మారండి.
5. చివరగా అదే ప్రింట్ మీద కొంచెం లావు స్కెచ్ పెన్నుతో దిద్దండి. పదేళ్ళ తర్వాత దాదాపు అలా ఉండొచ్చు. అప్పటికీ చదవగలిగితే సైజు సరిపోయినట్టే.

లెక్కగా చెప్పాలంటే వత్తులు, గుడులు వదిలేసి ఒట్టి అక్షరం ఎత్తే 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోమంటాను. "లక్ష్మి"నే చూడండి, క్ష, దాని కింద మ వత్తు, పైన గుడి, ఒక్క అక్షరమే మూడంతస్తులు. పక్కనున్న ల కి దాదాపు రెట్టింపు ఎత్తు కావాలి. "రమ" పట్టిన చోట "లక్ష్మి" పట్టదు. కృష్ణ, జ్యోత్స్న ఇలాంటి పేర్లన్నిటికీ అంతే, మణికట్టు మీద చిన్నగా కావాలని పట్టుబట్టొద్దు.

5. ఎక్కడ, ఎటువైపు

మొదటిసారైతే ముంజేయి లోపలి వైపు. చర్మం సాఫీగా ఉంటుంది, నొప్పి ఓర్చుకోవచ్చు, మానేటప్పుడు కళ్ళ ముందే ఉంటుంది. వేళ్ళ పక్కలు, అరచేయి, పాదాల అంచులు వద్దు, అక్కడ చర్మం రాపిడికి త్వరగా అరిగి ఇంకు మాసిపోతుంది. పక్కటెముకల మీద నొప్పి బాగా ఎక్కువ. దేవుడి పేరైతే నడుము కిందకి వేయించుకోకండి, మీకు పట్టింపు లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ చూస్తారు.

డౌట్‌గా ఉంటే గోరింటాకు కోన్‌తో ముందు అదే చోట అదే సైజులో రాయించుకుని వారం తిరగండి. కానీ నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే బ్లాక్ కోన్‌లు మాత్రం వద్దు. వాటిలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతుంటారు, దానివల్ల బొబ్బలొచ్చి అక్కడ టాటూయే వేయించుకోలేని పరిస్థితి రావచ్చు.

6. స్టూడియోలో కళ్ళతో చూడాల్సినవి

జాతరలో, ఎగ్జిబిషన్‌లో, బీచ్ పక్కన స్టూలు వేసుకుని వందకీ రెండొందలకీ వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. సూది ఒకరి తర్వాత ఒకరికి తిరుగుతుంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి ఒకరి నుంచి ఒకరికి రావడానికి అది చాలు.

చెక్‌లిస్ట్:

- సూది లేదా కాట్రిడ్జ్ ప్యాకెట్ మీ ముందే చించాలి, మీద ఎక్స్‌పైరీ తేదీ ఉండాలి
- ఇంకు పెద్ద సీసాలోంచి చిన్న కప్పులోకి కొత్తగా పోయాలి, మిగిలింది పారేయాలి
- కొత్త గ్లవ్స్, వాటితోనే ఫోన్ ముట్టుకుంటే మళ్ళీ మార్చాలి
- కుర్చీకి, మెషిన్ వైరుకి ప్లాస్టిక్ కవర్
- మళ్ళీ వాడే స్టీల్ సామాను ఉంటే ఆటోక్లేవ్ (ఒత్తిడి మీద ఆవిరితో క్రిముల్ని చంపే మెషిన్): 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, కనీసం 15 నిమిషాలు
- నీలం లైటు వెలిగే డబ్బాలో పెట్టినంత మాత్రాన స్టెరిలైజ్ అయినట్టు కాదు
- వాడిన సూదులకి గట్టి డబ్బా వేరుగా

ఆల్బమ్ చూపించమన్నప్పుడు అప్పుడే వేసిన ఫోటోలు కాదు, ఏడాది దాటినవి అడగండి, అందులోనూ తెలుగువి. అప్పుడే వేసింది ఎవరిదైనా మెరుస్తూనే ఉంటుంది.

ఆర్టిస్టుకి తెలుగు రాకపోతే తలకట్టు గురించి చెప్పండి. వాళ్ళకి అదేదో డెకరేషన్ టిక్కు మార్కులా కనిపిస్తుంది, అన్నిటికీ పెట్టేస్తారు, లేదా అందంగా లేదని తీసేస్తారు. ఖ, జ, ట, ణ, బ, ల వీటికి తలకట్టు ఉండదు, క, గ, ద, న, మ, ర లాంటివాటికి ఉంటుంది. దీర్ఘం, గుడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ప్రింట్ మీద వేలు పెట్టి చూపించండి.

7. ముందు రోజు

- నిద్ర సరిగ్గా పోండి, నీళ్ళు బాగా తాగండి
- 24 గంటల ముందు నుంచి మద్యం ముట్టొద్దు
- ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, అన్నం తినే వెళ్ళండి, కళ్ళు తిరిగేది ఎక్కువగా తినకుండా వచ్చినవాళ్ళకే
- మీరే షేవింగ్ చేసుకుని గాటు పెట్టుకోవద్దు, స్టూడియోలో చేస్తారు
- మత్తు క్రీమ్ ఆర్టిస్టుతో మాట్లాడకుండా రాసుకోవద్దు, ఎక్కువ మోతాదులో అది ప్రమాదం కూడా
- టాటూ పూర్తిగా మానేలోపు ఈత, పుష్కర స్నానం, మాలలో ఉండి పంబ స్నానం లాంటివి ఉంటే తేదీ మార్చుకోండి. ఏప్రిల్, మే చెమటల్లో కూడా నేను వద్దనే అంటాను

8. కుర్చీలో కూర్చున్నాక

వరస ఇలా ఉంటుంది. చర్మం షేవ్ చేసి తుడుస్తారు, స్టెన్సిల్ అంటిస్తారు, ఊదారంగు గీతలు పడతాయి, పది పదిహేను నిమిషాలు ఆరనిస్తారు. ఈ ఆరే టైమే మీది. దీన్ని ఫోన్ చూస్తూ పోగొట్టుకోకండి.

స్టెన్సిల్ అంటించేటప్పుడు చేయి మామూలుగా వదులుగా ఉండాలి. ముంజేయి మెలితిప్పి ఉండగా అంటిస్తే మామూలుగా నిలబడగానే లైను వంకరపోతుంది. లేచి నిలబడి చేయి కిందకి వదిలి ఒకసారి, మడిచి ఒకసారి చూసుకోండి.

తర్వాత వెనక కెమెరాతో ఫోటో తీయించండి. అద్దంలో, సెల్ఫీ కెమెరాలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, తప్పు పట్టుకోలేరు. ఆ ఫోటోని ముందు కాగితం చూసినవాళ్ళకే వాట్సాప్‌లో పంపి చదివించండి. మీరు మాత్రం కుడి నుంచి ఎడమకి, ఒక్కో అక్షరం విడిగా చదవండి. మామూలుగా చదివితే కన్ను తెలిసిన మాటని పూరించుకుని పోతుంది, తిరగేసి చదివితే ఏ వత్తు లేదో దొరుకుతుంది.

తేడా ఉంటే చెప్పండి. స్టెన్సిల్ తుడిచేసి మళ్ళీ వేయడానికి పావుగంట పడుతుంది. రెండుసార్లు మార్పించుకున్నా ఏం తప్పు లేదు, మంచి ఆర్టిస్టు విసుక్కోడు.

సూది మొదలయ్యాక కింది వత్తుల దగ్గర్నుంచి పైకి వస్తుంటే కంగారుపడకండి, తుడిచినప్పుడు స్టెన్సిల్ చెరిగిపోకుండా అలా చేస్తారు. ఈ సైజు అక్షరాలకి 5 లేదా 7 సూదుల లైనర్ (గీతలు గీసే సూదుల గుత్తి) సరిపోతుంది. ఒక్క సూదితో వెంట్రుకంత సన్నగా వేయమని అడుగుతుంటారు, మన అక్షరాల గుండ్రాల్లో అది వణికినా కనిపిస్తుంది, త్వరగా వెలిసిపోతుంది కూడా. మధ్యలో కదలాలనిపిస్తే ముందు చెప్పి, సూది ఎత్తాక కదలండి.

9. మానేదాకా

మొదటి రోజు: మామూలు ప్లాస్టిక్ ర్యాప్ చుడితే ఇంటికెళ్ళి రెండు నుంచి నాలుగు గంటల్లో తీసేయండి. చేతులు కడుక్కుని గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బుతో అరచేత్తోనే మెల్లగా కడగండి, టవల్‌తో రుద్దకుండా టిష్యూతో అద్దండి. పలచని సెకండ్ స్కిన్ ఫిల్మ్ అంటిస్తే ఆర్టిస్టు చెప్పినన్ని రోజులు ఉంచొచ్చు, అంచుల్లోంచి నీరు కారినా దురద ఎక్కువైనా తీసేయాలి.

1 నుంచి 3 రోజులు: ఇంకు కలిసిన నీరు ఊరుతుంది, ఎర్రగా వెచ్చగా ఉంటుంది. రోజుకి రెండు మూడుసార్లు కడిగి, ఆరాక, ఆర్టిస్టు చెప్పిన ఆయింట్‌మెంట్ చాలా పలచగా రాయండి. పక్క మీద పాత దుప్పటి వేసుకోండి, మరకలు పోవు.

4 నుంచి 14 రోజులు: పొట్టు లేస్తుంది, దురద చంపేస్తుంది. గోకినా, పొట్టు లాగినా ఇంకు కూడా లేచిపోతుంది. అరచేత్తో మెల్లగా తట్టండి, కొంచెం మాయిశ్చరైజర్ రాయండి.

తర్వాత నెలదాకా: మసకగా, మెరుస్తూ కనిపిస్తుంది, రంగు పోయిందని భయపడొద్దు. చెరువు, స్విమ్మింగ్ పూల్, సముద్రం పూర్తిగా మానాకే. బండి మీద వెళ్ళేటప్పుడు వదులు కాటన్ ఫుల్ హ్యాండ్స్. మానాక ఎప్పటికీ ఎండలోకి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30 పైన సన్‌స్క్రీన్.

ఇంట్లోవాళ్ళు ప్రేమతో చెప్పేవే గానీ చేయకూడనివి: పసుపు రాయడం, డెటాల్‌తో కడగడం, అలమారలో ఉన్న స్టెరాయిడ్ క్రీమ్ పూయడం.

ఎరుపు తగ్గకుండా రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎర్ర గీత చేయి పైకి పాకినా స్టూడియోకి ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

10. తప్పు పడితే

మొదట ఆరు వారాలు ఆగండి. పచ్చిగా ఉండగా ఏదీ ముట్టుకోవద్దు.

తెలుగులో తప్పులు రెండు రకాలు. గీత తక్కువైతే బతికిపోయినట్టే. ద కింద గీత పెడితే ధ, డ అయితే ఢ, ప అయితే ఫ, గుడిని కొంచెం లాగితే గుడి దీర్ఘం. బ ని భ చేయాలంటే తలకట్టు కూడా కలపాలి. నా "స్పూర్తి" అలాగే సరైంది, ప వత్తుకి చిన్న గీత కలిపితే ఫ వత్తు అయింది, పది నిమిషాల పని.

గీత ఎక్కువైతేనే కష్టం. ధ ని ద చేయడం సూదితో కాదు. లోపలి ఖాళీలు మూసుకుపోయినా అంతే. సూది లోతుగా దిగి గీత చుట్టూ నీలంగా కమ్మినా చెరపలేం, చుట్టూ లేత షేడింగ్ వేసి కలిపేయొచ్చు. చర్మం రంగు ఇంకు పైన పూసి కప్పేస్తామంటే ఒప్పుకోకండి, కొన్నాళ్ళకి అది మచ్చలా తేలుతుంది.

మిగిలింది లేజర్. స్కిన్ డాక్టర్ దగ్గరే, ఎన్‌డీ యాగ్ 1064 నానోమీటర్లది అడగండి, నల్ల ఇంకుకి, మన చామనఛాయ చర్మానికి అది నప్పుతుంది. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ ఆరు నుంచి ఎనిమిది వారాల గ్యాప్ కావాలి, మొత్తం పోవాలంటే చాలా సిట్టింగ్‌లు పడతాయి. కవరప్ (పాతదాన్ని కప్పేసేలా పైన కొత్త టాటూ) వేయించుకోవాలనుకుంటే అంతా చెరిపించక్కర్లేదు, అడ్డమొచ్చే గీతలు లేతబడేదాకా రెండు మూడు సిట్టింగ్‌లు చేయించుకుని, చర్మం పూర్తిగా కుదుటపడ్డాక కొత్త డిజైన్‌తో మళ్ళీ కాగితం, ప్రింట్, ఆవగింజల దగ్గర్నుంచి మొదలుపెట్టండి.